మెత్తబడని పండు

వాట్సన్‌విల్,
ఏప్రిల్ 1998

ఒఫేలియా,

ఈ ఉత్తరంతో వచ్చిన అట్టపెట్టె నువ్వే విప్పు, లెయాండ్రో చేతికి ఇవ్వకు. నీ మొగుడు బంగారంలాంటి మనిషే, కాదనను. కానీ ఆయన కంటికి ఉల్లినారూ స్ట్రాబెర్రీ మొక్కా ఒకటే. లోపల తడిగుడ్డలో చుట్టిన మొక్కలున్నాయి. వాటికి పేరు లేదు, సంచి మీద అంకె ఉంది, అంతే. మీ నర్సరీలో మిగతా కంపెనీల మొక్కలకు దూరంగా పైమడిలో నాటించు. పూత వస్తే గిల్లేయించు. నాకు పళ్లు వద్దు, తీగలు కావాలి. తీగ తీగా పాకి, పిలకలు వేసి, చలి ముదిరేసరికి మడి నిండాలి.

ఎందుకింత హడావిడి అంటావా? దొరికింది, చెల్లీ. ఇన్నేళ్లుగా వెతుకుతున్నది దొరికింది.

పోయిన జూన్‌లో నా ప్రయోగాల మడిలో పద్నాలుగో సాలు పళ్లతో పాటు ఇంకో నాలుగు సాళ్లవి కోసి, కారు వెనక సీట్లో పెట్టి మరిచిపోయాను. నవ్వకు. ఆ వారాంతం మా పక్కింటి ఎస్తెలా మనవడి బాప్తిస్మం, ఆ వంటలు, ఆ పాటలు. సోమవారం తలుపు తీస్తే లోపల పులిసిన వాసన, ఈగలు. బుట్టలన్నీ రసం కారి సీటంతా పాడైంది. పద్నాలుగో సాలు బుట్ట మాత్రం కోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. గట్టి పళ్లు మనకు కొత్త కాదు. లారీలో దేశం ఆ చివరికి వెళ్లినా చెక్కుచెదరని పళ్లు ఈ లోయలో చాలా ఉన్నాయి, వాటిని తినేకన్నా దోసకాయ నయం. ఇది అలాంటిది కాదు. కొరికితే రసం గడ్డం మీదికి కారింది. పిన్ని పెరట్లో మనిద్దరం దొంగతనంగా తిన్న పళ్ల రుచి. కారు పక్కన నిలబడి ఏడ్చేశాను.

మా యజమాని హాల్వర్సన్ సంగతి నీకు తెలుసు. మొన్న అందరి ముందూ, "నియెవెస్, నీ పళ్లకన్నా నీ తలే ముందు పండేట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొత్త రకం చూపించకపోతే, మొక్కలు కలిపి రకాలు పుట్టించే నా విభాగం మూసేస్తాడు. నాకు పిల్లల్లేరు. లోకంలో ఒక్క పండైనా నాది అని ఉండాలని ఆశ. అందుకే వీటిని నీకు తప్ప ఇంకెవరికీ పంపలేదు.

నోయెమీకి కూడా చెప్పకు. నీ కూతురే, నా చేతుల్లో చదువుకున్న పిల్లే. కానీ ఇప్పుడు హైవే అవతలి కంపెనీలో చేరింది. తెలిస్తే దానికే ఇరకాటం.

నీ అక్క
నియెవెస్


మక్‌డోయల్,
జూన్ 1998

అక్కా,

నీ మహారాణులు క్షేమం. మొన్న రాత్రి మంచు పడితే లెయాండ్రో తెల్లవార్లూ స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లించి కాపాడాడు. ఆయన్ని అన్ని మాటలన్నావు, నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఏమన్నాడో తెలుసా? "మీ అక్కకి చెప్పు, ఉల్లినారైతే ఇంత ఏడిపించదు" అన్నాడు.

శాస్తా కొండ మీద ఇంకా తెల్లగానే ఉంది. పగలు ఎండ, సాయంత్రానికి స్వెట్టర్. నీ మొక్కలకి ఈ చలి బాగా పట్టింది. తీగలు అప్పుడే పాకడం మొదలుపెట్టాయి. పూత నేనే గిల్లుతున్నాను, కూలీలను ఆ మడిలోకి రానివ్వడం లేదు.

నోయెమీ పోయిన వారం వచ్చి వెళ్లింది. చిక్కిపోయింది అక్కా. అక్కడ ప్రతి సమావేశంలో ఏం కనిపెట్టావని అడుగుతారట. "మొక్కేమైనా కోడా అమ్మా, పొద్దున్నే గుడ్డు పెట్టడానికి?" అంది. నవ్వింది గానీ అన్నం సరిగా తినలేదు. నీ సంగతి దానితో అనలేదులే, భయపడకు.

ఒకటి అడుగుతాను, చదువుకోనిదానికి చెప్పినట్టు చెప్పు. అన్ని పళ్లూ మెత్తబడితే ఇది ఎందుకు మెత్తబడదు?

ఒఫేలియా


వాట్సన్‌విల్,
ఆగస్టు 1998

చదువుకోని చెల్లీ,

హైస్కూల్లో నీకు నాకన్నా మార్కులు ఎక్కువ, నాటకాలాడకు. అయినా చెబుతాను. నన్ను ఈ మాట ఇంత ప్రేమగా అడిగినవాళ్లు లేరు.

పండంటే చిన్న చిన్న గదులు అనుకో. గదికీ గదికీ మధ్య బంక. పండు ఎర్రబడే వేళకి మొక్క ఒక ఎంజైమ్ తయారు చేస్తుంది, అది ఆ బంకని కరిగిస్తుంది. గదులు విడిపోతాయి, పండు మెత్తబడుతుంది. ఆ ఎంజైమ్‌ను తయారు చేయించే జన్యువు ఒకటుంది. మనుషులకి ఏ జన్యువైనా రెండు ప్రతులు, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. స్ట్రాబెర్రీకి ఎనిమిది. ఆ ఎనిమిదీ ఒకేలా పనిచేయవు. మీ ఇంట్లో లాగే ఒకరు అరుస్తారు, మిగతావాళ్లు గొణుగుతారు. నా మొక్కలో ఆ అరిచే ప్రతిలో ఒక ముక్క ఊడిపోయింది. గొణిగేవి ఉన్నాయి కాబట్టి పండు నోట్లో కరుగుతుంది. అరిచేది లేదు కాబట్టి పెట్టెలో కరగదు. అంతే.

ఆ ముక్క ఊడిన ప్రతి ఎక్కడిదో తెలుసా? సముద్రపు ఒడ్డున ఇసుకదిబ్బల మీది అడవి స్ట్రాబెర్రీది. నోయెమీ చదువుకునే రోజుల్లో దాన్ని వెంటేసుకుని దిబ్బలెక్కి మొక్కలు ఏరుకొచ్చాను, గుర్తుందా? చెప్పుల నిండా ఇసుకతో వచ్చి పిన్ని చేత ఇద్దరం చీవాట్లు తిన్నాం. ఆ మొక్కల్లో ఒక్కదానిలోనే ఇది దొరికింది. అప్పటినుంచి తోట మొక్కలతో కలుపుతూ, పిల్లల్ని ఏరుతూ, మళ్లీ కలుపుతూ వచ్చాను. నీ పైమడిలో ఉన్నది ఆ దిబ్బ మొక్కకి ముని మనవరాలు.

ఇదంతా హాల్వర్సన్‌కి కూడా ఇంకా పూర్తిగా చెప్పలేదు. మూడు సీజన్ల పంట కళ్లారా చూడనిదే ఆయన పేటెంటు దరఖాస్తు మీద సంతకం పెట్టడు. ఈలోపు నోరు కట్టుకుని కూర్చోవాలి. నీతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేని సంతోషం ఇది.

నియెవెస్


మక్‌డోయల్,
నవంబర్ 1998

అక్కా,

నీ మొక్కలు తవ్వించాం. కడిగి, కట్టలు కట్టి, చల్లని గదిలో పెట్టి, అంకె ప్రకారం పంపించాం. అందాయని మీ ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. మడిలో మిగిలినవి దున్నించి తగలబెట్టించాను. దగ్గర నిలబడి చూశాను.

ఈసారి ఉత్తరం పొడుగ్గా రాయలేను, తవ్వకాల రోజులు, చేతులు పగిలిపోయాయి. నోయెమీ బాగానే ఉంది. ఇప్పుడు కాస్త నవ్వుతోంది.

ఒఫేలియా


వాట్సన్‌విల్,
మే 2001

ఒఫేలియా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను, మళ్లీ మొదలుపెట్టాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్న హైవే అవతలి కంపెనీవాళ్లు రైతులకి కొత్త రకం రుచి చూపించారు. నోయెమీ కనిపెట్టిందట. చెట్టు కింద టోపీ పెట్టుకుని నిలబడింది, అందరూ చేతులు కలుపుతున్నారు. నాకు గర్వంగా అనిపించింది, అబద్ధం చెప్పను. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, ముందు నువ్వు తినాలి" అని పళ్లెం పెట్టింది. ఇలాంటి చోట్ల ఎవరూ పూర్తి పండు ఇవ్వరు. తొడిమా దాని చుట్టూ ఉన్న ఆకులూ కోసేసి, ముక్కలు పుల్లకి గుచ్చి ఇస్తారు. ఆకు రవ్వంత దొరికినా చాలు కదా మా బోటివాళ్లకి, అది ఏ మొక్కదో పరీక్ష చేసి చెప్పడానికి.

నేను కొరికాను. ఒఫేలియా, అది నా పండు.

నాలుకతో ఏం తెలుస్తుంది అంటావు. మూడేళ్లుగా పొద్దున్నే పరగడుపున ఆ పండు తిని అంకెలు వేస్తున్నదాన్ని. నాకు తెలుసు. పళ్లెం పక్కన బల్ల మీద, వారం కిందట కోసిన పెట్టె అని గొప్పగా పెట్టారు. ఒక్క పండు నలగలేదు.

నోయెమీని ఏమీ అనలేదు. చేయి పట్టుకుని బాగుంది అన్నాను, ఇంటికొచ్చాను. నా మొక్క ఈ లోయలో మా కంపెనీ కంచె దాటలేదు. కంచె దాటి వెళ్లిన చోటు ఒక్కటే ఉంది. నాకు జవాబు కావాలి.

నియెవెస్


మక్‌డోయల్,
మే 2001

అక్కా,

నీ ఉత్తరం చదివి లెయాండ్రో కుర్చీలోంచి లేవలేదు. నేను పొయ్యి ఆర్పడం మరిచిపోయాను. ఒకే పళ్లెంలో తిన్నాం మనం. మీ అమ్మ పోయినప్పుడు మా అమ్మ మనిద్దరినీ ఒకే మంచం మీద పడుకోబెట్టింది. ఆ నోటితో నన్ను దొంగ అంటావా?

మిగిలినవి తగలబెట్టించానని అప్పుడే రాశాను. ఇంకేం చెప్పను?

నోయెమీ మొక్క ఎక్కడిదో నాకు తెలిసినంత చెబుతాను. దానికి ఇసుకదిబ్బలు చూపించింది నువ్వే. మళ్లీ అక్కడికి వెళ్లి తనంతట తను మొక్కలు తెచ్చుకుని కలిపింది. నువ్వు నేర్పిన పని చేస్తే తప్పా? కంపెనీవాళ్లు దాని చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, ఆ మొక్క పుట్టుక గురించి ఎవరితో మాట్లాడినా ఉద్యోగం పోతుంది. నీకు దండం పెడతాను, దాన్ని మాత్రం అడగకు. అడిగితే నీకు అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పి రోడ్డున పడుతుంది.

వాళ్ల మొక్కలు మా నర్సరీలోనే పెరుగుతున్నాయి. ఈ కవర్లో దాని ఆకు పెడుతున్నాను. ఇది నేను చేయకూడని పని. తెలిస్తే మా నర్సరీకి ఇంకెవరూ మొక్క ఇవ్వరు. అయినా నీకోసం చేస్తున్నాను. నువ్వే పరీక్ష చేసుకో. ఆ తర్వాత నీకు నోరొస్తే అప్పుడు తిట్టు.

ఒఫేలియా


వాట్సన్‌విల్,
జూన్ 2001

చెల్లీ,

నన్ను క్షమించు. ఏ ముఖంతో అడగాలో తెలియడం లేదు, అయినా అడుగుతున్నాను.

ఆకు పరీక్ష చేశాను. ఒకే మొక్క తీగకి పుట్టిన పిలకలైతే జన్యువుల గుర్తులు పడే జెల్ పలక మీద గీతలన్నీ ఒకే చోట పడాలి. ఇక్కడ సగం గీతలు కలవలేదు. ముక్క ఊడిన ప్రతి మాత్రం దీన్లోనూ ఉంది. నువ్వు చెప్పినట్టే, అది దిబ్బల మీది నుంచి వచ్చి ఉంటుంది. నోయెమీ నాకన్నా ఆలస్యంగా బయల్దేరి నాకన్నా ముందు చేరింది. నేను నేర్పిన పిల్ల కదా, సంతోషించాలి. ఇంకా చేతకావడం లేదు గానీ ప్రయత్నిస్తాను.

హాల్వర్సన్ అప్పటికే అనుమానపడి లాయర్‌ని పిలిచాడు. నేను అడ్డుపడ్డాను. వాళ్లది వేరే మొక్క, మనదానికీ దానికీ సంబంధం లేదు అని రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, "అయితే మనం రెండోవాళ్లం. రెండోదాన్ని ఎవడు కొంటాడు?" అన్నాడు. గురువారం ట్రాక్టర్ వచ్చింది. సాళ్ల మీది ప్లాస్టిక్ చింపి, పళ్లతో సహా దున్నేశారు. గట్టు మీద నిలబడ్డాను. ట్రాక్టర్ నడిపే అబెలార్డో దిగి వచ్చి, "కావాలంటే ఓ బుట్ట కోసుకోండమ్మా, ఆగుతాను" అన్నాడు. వద్దన్నాను.

ఇకమీదట శీతల గిడ్డంగిలో పెట్టెలు తనిఖీ చేసే పని నాది. నా పాత గదిలో యంత్రాలు ఇంకా తీసెయ్యలేదు, ఒక మూల ఫ్రీజర్లో ఆకులు మిగిలాయి. వాటిని చూడబుద్ధి కావడం లేదు.

నిన్ను అనుమానించినందుకు ఇది నాకు తగిన శాస్తేమో అనిపిస్తోంది. లెయాండ్రోకి కూడా నా తరఫున చెప్పు.

నీ నియెవెస్


మక్‌డోయల్,
జూలై 2001

అక్కా,

క్షమించడాలూ గిమించడాలూ మన మధ్య ఎందుకు? జరిగిందేదో జరిగింది. నీ దిగులు తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఒకసారి రా, కొండగాలికి నాలుగు రోజులుండు. మొక్కజొన్న పిండి టమాలేలు చేసిపెడతాను. స్ట్రాబెర్రీ ఊసే ఎత్తను.

నోయెమీకి పని ఎక్కువగా ఉంది. నువ్వు ఫోన్ చేయకపోవడమే మంచిది, అక్కడ ఎవరు వింటారో తెలియదు.

ఒఫేలియా


వాట్సన్‌విల్,
మే 2002

ఒఫేలియా,

శనివారం ఊరి బయట రోడ్డు పక్క బడ్డీలో నోయెమీ పళ్లు అమ్మకానికి వచ్చాయి. ఒక బుట్ట కొన్నాను. నీ కూతురి మొదటి పళ్లు, తినాలి కదా అని కొన్నాను. ఇంకే దురుద్దేశమూ లేదు. వంటింట్లో కూర్చుని తొడిమలు తుంచి గిన్నెలో వేస్తుంటే చేయి ఆగిపోయింది. బజారు పళ్లకి తొడిమ ఎవరూ కొయ్యరు. ఆకుపచ్చగా, తాజాగా గిన్నె నిండా ఉన్నాయి.

నా మనసు చెడ్డదని తిట్టుకుంటూనే ఆ తొడిమలు నా పాత గదికి తీసుకెళ్లాను. ఫ్రీజర్లో నా పద్నాలుగో సాలు ఆకు ఉంది, నువ్వు పంపిన ఆకు ఉంది. మూడింటినీ పక్కపక్కన జెల్ మీద పెట్టి పరీక్షించాను.

నోయెమీ పండుదీ నా మొక్కదీ ప్రతి గీతా కలిసింది. ఒక్కటి తప్పలేదు. అది నా మొక్కే. దిబ్బలూ లేవు, గిబ్బలూ లేవు. నా తీగ పిలక.

నువ్వు పంపిన ఆకు మాత్రం నోయెమీ పండుది కాదు. అప్పుడే కనిపించేది, చూడదలుచుకుంటే. అందులో కలిసిన గీతలన్నీ నా మొక్క గీతలే, కలవనివి ఇంకో మొక్కవి. అది నా మొక్క పండు గింజకి మొలిచిన పిల్ల. అంటే ఆ మడిలో పూత గిల్లకుండా కాయనిచ్చావు, గింజ మొలిపించావు, పెంచావు. ఎప్పుడో ఒకరోజు నేను అడుగుతానని సిద్ధంగా పెట్టుకున్నావు. నేను ఏడుస్తూ రాస్తే, నీకోసం చేయకూడని పని చేస్తున్నానని ఆ ఆకు పంపావు. దాన్ని నమ్మి నేను సంతకం పెట్టాను. నా సాళ్లు నా మాట మీదే దున్నారు.

మొక్క దొంగిలించడం ఒకటి. అది అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తాను. ఆ ఆకు నాకు అర్థం కావడం లేదు. నీకు క్షమాపణ చెప్పాను ఒఫేలియా. నువ్వు దాన్ని తీసుకున్నావు. టమాలేలు చేసిపెడతానన్నావు.

నియెవెస్


మక్‌డోయల్,
మే 2002

అక్కా,

అవును.

తవ్వకాల రోజుల్లో నోయెమీ వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ఉద్యోగంలోంచి తీసేస్తామని చెప్పారట. మడి చివర నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. "అమ్మా, నేను ఇంటికొచ్చి ఉల్లిపాయలు పీకుతాను, నాకు ఇంకేం చేతకాదు" అంది. నా చేతుల్లో నీ మొక్కలున్నాయి. ఆలోచించకుండా చేశానని రాద్దామనుకున్నాను, కాదు, ఆలోచించాను. నీకు ఇంకోటి దొరుకుతుంది అనుకున్నాను. నువ్వు తెలివైనదానివి, ఎప్పుడూ దొరుకుతాయి నీకు. దానికి దొరకదు.

దానికి నిజం చెప్పలేదు. మడి మూలన దానంతటదే మొలిచింది, ఎవరిదీ కాదు, పండు చూసి ఉంచాను అన్నాను. మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని ఆ ఆకుల్ని ముట్టుకుంది. దాని ముఖం నువ్వు చూసి ఉంటే నువ్వే ఇచ్చేసేదానివి. దిబ్బలకి వెళ్లిందని నీకు రాసింది నేను అల్లిందే. దానికి ఏమీ తెలియదు. అందుకే నిన్నూ దాన్నీ మాట్లాడుకోనివ్వలేదు.

ఆకు సంగతి కూడా నువ్వు రాసినట్టే. గింజలు ఎందుకు మొలిపించానో అప్పుడు నాకే తెలియదు, భయానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలనిపించింది. నువ్వు అడిగినప్పుడు పంపాను. నేను ఏం పంపినా నువ్వు నమ్ముతావని తెలుసు. నా ధైర్యమంతా అదొక్కటే.

నన్ను ఏమన్నా పడతాను. కోర్టుకి లాగు, నర్సరీ మూయించు. లెయాండ్రోకి ఇవాళే చెప్పాను, బయట షెడ్డులో పడుకుంటున్నాడు. నోయెమీకి మాత్రం చెప్పకు అక్కా. అది నా ముఖం మళ్లీ చూడదు.

ఒఫేలియా


వాట్సన్‌విల్,
జూన్ 2002

ఒఫేలియా,

నీ ఉత్తరం నా సంచిలో ఉండగానే నోయెమీ ఆదివారం ఇంటికొచ్చింది. చంకలో పళ్లపెట్టె. గుమ్మంలోనే, "పెద్దమ్మా, ఏడాదిగా ఒక్క ఫోనైనా చేయలేదు. నేను ముందుకెళ్లానని కోపమా?" అంది. నీ మాట విని దూరంగా ఉన్నాను. ఆ పిల్ల ఏడాదిపాటు నేను ఈర్ష్యపడుతున్నానని అనుకుంది. ఇది కూడా నువ్వు నాకు చేసిందే, రాసిపెట్టుకో.

కాఫీ పెట్టాను. విషయానికొచ్చింది. "రైతుల సభలో మాట్లాడమన్నారు. ఈ పండు ఎందుకు మెత్తబడదో నాకే తెలీదు. జన్యువుల పని నాకు నేర్పింది నువ్వేగా, ఓసారి చూసిపెట్టవా?"

చూడలేదని అనొచ్చు, తీరిక లేదని అనొచ్చు. నాకు ఆ విద్య రాదు. "చూశాను, బడ్డీలో కొని" అన్నాను. ఆ పండు గీతల ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచాను. నీకు ఉత్తరంలో చెప్పినట్టే గదులూ బంకా అరిచే ప్రతీ అన్నీ చెప్పాను. ముక్క ఎక్కడ ఊడిందో వేలు పెట్టి చూపించాను. తల వంచి చూసింది. చటుక్కున నవ్వింది.

"ఇది మన దిబ్బ మొక్కది కదా! నాకు గుర్తుంది, ఆ రోజు నువ్వు చూపించావు."

"అవును" అన్నాను.

"భలే ఉందే. అమ్మ వాళ్ల మడిదాకా ఎలా వచ్చింది? పిట్టలు తెచ్చాయంటావా?"

"ఇన్ని కొండలు దాటా?"

"మరి..." అని ఆగింది. కప్పు కింద పెట్టింది. "అమ్మ వాళ్ల మళ్లలో పూతే ఉంచరు. గింజెక్కడిది?"

నేను పళ్లెం కడగడానికి లేచాను. వెనక ఫొటోలు ఒకదాని పక్కకి ఒకటి జరుపుతున్న చప్పుడు. నాకు తెలుసు, లోపల లెక్క నడుస్తోంది. ఈ వంటింట్లో కూర్చునే అలా లెక్క వేయడం నేర్చుకుంది.

"ఆ దిబ్బ మొక్కని తోట మొక్కతో కలిపింది లోకంలో నువ్వొక్కదానివే" అంది. తర్వాత, "నీ మొక్కలు ఎక్కడ పెంచావు పెద్దమ్మా?" అంది.

చేతికి సబ్బు ఉంది. ఇంకెక్కడో అని ఒక్క మాట చెబితే చాలు, ఆ పిల్ల సభలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకుని సుఖంగా ఉండేది. నాకు అది కనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, ఎంత తేలిగ్గా చెప్పగలవో. నా నోరు దానికి ఒప్పుకోలేదు.

"మీ అమ్మ దగ్గర" అన్నాను.

ఏడవలేదు. పెట్టెకేసి చూసింది. "అంటే నాది ఏదీ లేదు ఇందులో" అంది. నీదే, పండించింది నువ్వే, సాగు నీదే అన్నాను. నా మాట వినలేదు. తాళాలు తీసుకుని వెళ్లిపోయింది. కారు తన ఇంటివైపు కాదు, ఉత్తరానికి, మీ ఊరి దారికి తిరిగింది.

నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు, అడిగితే జవాబిచ్చాను అని రాయొచ్చు. రాయను. ఆ ఫొటోలు బల్ల మీద పరిచినప్పుడే ఏం అడుగుతుందో నాకు తెలుసు.

హాల్వర్సన్ దగ్గరికి వెళ్లను. వెళ్తే నా సంతకం నా ముందు పెడతాడు. ఆ మొక్క ఎవరిదో లోకానికి చెప్పాలా వద్దా అన్నది ఇక నోయెమీ చూసుకోవాలి. అది ఏం చేసినా నేను కాదనను. నా పండు మాత్రం నాకు తిరిగి రాదు. నిన్ను క్షమించలేదు. నాకు ఇక ఉత్తరాలు రాయకు.

తను ఈ ఉత్తరం కన్నా ముందే నీ గడప తొక్కుతుంది. నువ్వు ఇది చదివేసరికి దానికి ఏదో ఒకటి చెప్పే ఉంటావు. నాకు చెప్పినట్టే చెప్పి ఉంటే అది నమ్మి ఉండదు. నువ్వేం చెప్పినా నమ్మింది నేనొక్కదాన్నే.

నియెవెస్